ఖాదర్‌బీ గోడబట్ట

పెనుకొండ
12 నవంబరు 1978

బావ కదిరప్పకు,

నువ్వు నెలనెలా పంపిన పట్టుపోగుల మూటలన్నీ అందాయి. చీర కోసినాక మగ్గం కింద మిగిలేవి, మీరు ఊడ్చి పారేసేవి, నాకు ఎందుకని అడిగావు. చెప్తాను.

ఖాదర్‌బీకి రెండు కళ్లూ పోయాయి. నిరుడు వెలుతురైనా తెలిసేది. ఇప్పుడు అదీ లేదు. కళ్ల క్యాంపులో డాక్టరు చూసి, ఇక చేసేదేమీ లేదన్నాడు. నన్ను పెళ్లి చేసుకొని వచ్చినా ఆమె మీ ఊరి పిల్లే, నిన్ను నోరారా అన్నా అని పిలుస్తుంది. నీకు ఇన్నాళ్లు రాయకపోవడం తప్పే. రాయడానికి చేతకాలేదు.

కళ్లు పోయినందుకు ఆమె ఏడవలేదు. పొయ్యి దగ్గరికి పోవడానికి నా చేయి పట్టుకోవాల్సి వచ్చిందని ఏడ్చింది. అందుకని ఒకటి కుట్టాను. మంచం దగ్గర నుంచి పెరటి వాకిలి దాకా, గోడ పొడుగునా, పదమూడు మూరల బట్ట. అడుగున హిందూపురం బెల్లం మండీ గోతాలు. వాటి మీద కంబళి ముక్కలు, పాత పరుపుల గుడ్డ, చింతగింజలు, ఇత్తడి కడియాలు, నీ పట్టుపోగులు. నలభై ఏండ్లు పరుపులు కుట్టిన చేయి కాబట్టి దబ్బనం ఆడింది. ఆమె చేయి ఆనించుకొని నడిస్తే ఏది యాడ ఉందో తెలియాలని చేతికి ఆనవాళ్లు పెట్టాను. రాతిగోడ చలి కూడా తగలదు.

పక్కింటి రామక్క వచ్చి చూసి, "ఏమి నబీసాబూ, ఇంట్లో దర్బారు కడతాండావా?" అంది. రంగులు నేను ఎంచి పెట్టలేదు. నీ పోగులకు ఉన్న రంగులే అవి.

నిన్న ఖాదర్‌బీ ఎవరి చేయీ పట్టుకోకుండా పోయి సంగటి చేసింది. కొంచెం అడుగంటింది. నేను చెప్పలేదు.

నబీసాబ్


ధర్మవరం
20 డిసెంబరు 1978

నబీ బావకు,

ఇంటికి చేరినాను. రైల్లో సీటు దొరకలేదు, హిందూపురం చింతపండు మూటల మీద కూర్చొని వచ్చినా. మా ఇంటిది నీలావతి నా పంచె చూసి ఇంకా తిడుతూనే ఉంది.

బావా, నీ ఇంట్లో నేను చూసింది నాలుగు దినాలైనా కండ్ల ముందర నుంచి పోలేదు. నేను మంచం మీద కూర్చుంటే చెల్లెలు లేచి, గోడ మీద చేయి పెట్టి, గబగబా పోయి టీ కాచి తెచ్చింది. "అన్నా, చక్కెర చాలునా, మీ ధర్మవరమోళ్లకు ఎంత పోసినా చాలదు" అని ఎకసెక్కం చేసింది. నేను మొహం తుడుచుకున్నది పొగకని నువ్వు అనుకున్నావు. పొగ కాదులే.

ఇంక ఆ బట్ట సంగతి. నేను పన్నెండో ఏట మగ్గం గుంటలో కాళ్లు పెట్టినవాణ్ని. నా చేతి చీరలు ఎన్ని పెళ్లిళ్లకు పోయాయో లెక్క లేదు. నీ గోడ చూసి వచ్చి మగ్గం మీద ఉన్న చీర చూసుకుంటే బల్లపరుపుగా కనిపించింది. గోతం మీద పట్టు కూర్చోబెట్టాలని ఎవడికన్నా తోస్తుందా? దూరం నుంచి మీ కొండ మాదిరి ఉంది, దగ్గరికి పోతే దున్నిన చేను మాదిరి ఉంది.

హిందూపురంలో చేతిపనుల సంఘమని ఒకటి ఉంది. దాని కార్యదర్శి ఆదిలక్ష్మమ్మ గారు నాకు తెలుసు, మా చీరలు ఆమె చూపిస్తుంటుంది. ఫిబ్రవరిలో పెద్ద ప్రదర్శన పెడుతున్నారు. నీ బట్ట పదిహేను దినాలు ఇయ్యి. పరుపుల సాబు అని నిన్ను పిలిచేవాళ్లందరూ తలెత్తి చూడాల. నువ్వు ఏమీ చేయనక్కర్లేదు. నేను వచ్చి తీసుకుపోయి, పట్టుచీరను పంపేటంత జాగ్రత్తగా నా చేతుల మీదుగా పంపుతాను.

నువ్వు వద్దంటావని తెలుసు. చెల్లెల్ని అడుగు.

కదిరప్ప


పెనుకొండ
22 జనవరి 1979

బావ కదిరప్పకు,

నాకు ఇష్టం లేదు. ఆమెను అడగమన్నావు, అడిగాను.

"పదైదు దినాలే కదా. జనం చూడనీ. నేనెట్లాగూ చూడలేను" అంది.

"నువ్వెట్ల తిరుగుతావు ఇంట్లో?"

"తాడు కట్టు. గేదెలు తిరగలేదా తాటికి?"

నవ్వుతూనే అంది. నాకు నవ్వు రాలేదు. మంచానికీ పెరటి వాకిలికీ తాడు కట్టాను. తాడుకు దారి తెలుస్తుంది కానీ ఏది యాడ ఉందో తెలియదు.

ఆదివారం వచ్చి తీసుకుపో. ఒకటే మాట. అది చేత్తో చూసే బట్ట. వచ్చినవాళ్లను తాకి చూడమని చెప్పు. మాసిపోతే మాసిపోనీ.

నబీసాబ్


పెనుకొండ
19 ఫిబ్రవరి 1979

బావ కదిరప్పకు,

హిందూపురం పోయి వచ్చాను. నీకు చెప్పకుండా పోయాను. నువ్వు ఉంటే నన్ను అందరికీ చూపిస్తావని భయం.

లోపలికి పోగానే ఎదురుగా గోడ మీద, మనిషికి అందనంత ఎత్తులో కట్టారు. ముందర రెండు బారల దూరంలో అడ్డంగా తాడు. తాడుకు ఒక అట్ట. అట్ట మీద 'తాకరాదు' అని ఎర్ర అక్షరాలు.

నేను చాలాసేపు నిలబడ్డాను. ఆ దూరం నుంచి నా బట్ట నాకే అదోలా కనిపించింది. లైట్ల వల్ల అనుకున్నాను. తాడు దాటి ఒక అడుగు వేశాను. కుర్చీలో ఉన్న కావలివాడు లేచాడు.

"ఏయ్ ముసలాయనా, చదువు రాదా? యాడికి పోతాండావు?"

"కొంచెం చూస్తానప్పా."

"ఆడ్నించే చూడు. కండ్లు ఉండాయి కదా!"

నీకు తెలుసు, నాకు పదిమందిలో నోరు రాదు. ఆ బట్ట నేను కుట్టిందే అని చెప్పలేకపోయాను. వెనక్కి వచ్చి తాడు ఇవతల నిలబడ్డాను. అప్పుడే ఒక పెద్దమనిషి, బెంగళూరు నుంచి వచ్చినాయనంట, కోటు వేసుకొని, నలుగురికీ వివరించి చెప్పాడు. ఇది వాడుక బట్ట స్థాయి దాటిపోయిందంట. దీనికి ఇక ఏ ఉపయోగమూ లేదు కాబట్టే ఇది కళ అయిందంట. అందరూ తలలూపారు.

ఉపయోగం లేదా? ఇంట్లో ఒక మనిషి ఆ బట్ట లేక తాడు పట్టుకొని తిరుగుతోంది. నాకు ఒళ్లు మండింది. చెప్పులు యాడ విడిచానో కూడా గుర్తు లేకుండా బయటికి వచ్చాను, మళ్లీ పోయి వేసుకున్నాను. స్టేషనుకు నడిచి ప్యాసింజరు ఎక్కాను. పెనుకొండ వచ్చేదాకా ఆయనకు చెప్పాల్సిన జవాబు లోపల చెప్పుకుంటూనే ఉన్నాను. చానా మంచి జవాబు. ఎవరికి పనికొస్తుంది?

తాకమని చెప్పమన్నాను కదా నీకు. చెప్పావా?

నబీసాబ్


ధర్మవరం
25 ఫిబ్రవరి 1979

నబీ బావకు,

నీ జాబు చదివి నా రక్తం ఉడికింది. ఎవడు వాడు కోటువాడు? కండ్లు ఉండాయి కదా అన్న ఆ కావలివాణ్ని నేను అక్కడ ఉంటే చొక్కా పట్టుకొని ఉండేవాణ్ని. తాకమని నేను చెప్పినాను, వాళ్లు వినలేదు. సంఘాలంటే అంతే. మన చేతులు కావాల, మన మాట అక్కర్లేదు. ఆదిలక్ష్మమ్మ గారిని కూడా గట్టిగా అడుగుతాను. అసలు వాళ్లకు ఇయ్యడమే తప్పు. ఎవరెవరు ముట్టుకున్నారో, ఏమేమి చేసినారో దేవునికే తెలియాల.

ఒక సంగతి. నీ బట్టకు మొదటి బహుమతి వచ్చింది. శాలువా, ప్రశంసాపత్రం నా దగ్గర ఉన్నాయి. దాన్ని బెంగళూరు తీసుకుపోయి అద్దం వెనక పెట్టి శాశ్వతంగా ఉంచుతామంటున్నారు. నేను ఏమంటానంటే, పోనియ్యి బావా. మంచి పోగులు, పారేసేవి కాదు, కొత్త పట్టే పంపుతాను. చెల్లెలికి ఇంతకన్నా మంచిది ఇంకోటి కుట్టు. ఆ పాతది వెనక్కి తెచ్చుకొని ఏమి చేస్తావు? నలిగిపోయి ఉంటుంది.

కోపం తెచ్చుకోవద్దు. ఆలోచించు.

కదిరప్ప


పెనుకొండ
18 మార్చి 1979

కదిరప్పకు,

ఇంకోటి కుట్టమని ఎంత తేలిగ్గా రాశావు. అది కుట్టడానికి ఏడు నెలలు పట్టింది. ఒక్కో ఆనవాలు ఆమె వేళ్ల కింద పెట్టి, తెలుస్తోందా అని అడిగి, తెలియకపోతే విప్పి, మళ్లీ కుట్టాను. అద్దం వెనక పెడతారంట. మంచిది. ఆమెను కూడా తీసుకుపోయి అద్దం వెనక పెట్టమను.

నేను నేరుగా సంఘానికి కార్డు రాశాను, నా బట్ట నాకు పంపమని. బస్సులో వేసి పంపారు.

అది రాకముందే ఒకటి జరిగింది. ఖాదర్‌బీ తాడు పట్టుకొని పోతూ పొయ్యి ఎంత దూరమో తెలియక మండే కట్టె మీద చేయి పెట్టింది. కుడిచేయి. వేళ్లు బొబ్బలెక్కాయి. ఆ వేళ్లే ఆమెకు కళ్లు. పది దినాలు రెండోసారి గుడ్డిదై కూర్చుంది. నేను సంగటి కలిపి తినిపించాను.

బట్ట వచ్చేనాటికి బొబ్బలు మానాయి. నేను గోడకు కట్టాను. మంచం మీంచి లేచి ఎడమచేయి పెట్టింది. రెండు అడుగులు వేసింది. ఆగింది. కుడిచేయి కూడా పెట్టింది.

"ఇది నాది కాదు" అంది.

"నీదే."

"కాదు. దీనికి నోరు లేదు."

అప్పుడు నేను వాకిలి తెరిచి వెలుతుర్లో చూశాను. పోగులన్నీ పోయాయి కదిరప్పా. పొయ్యికి ముందు మూడు పట్టుముడులు వరసగా వేసి, ఆమె వేలికి తగిలేటట్టు కొసలు బెత్తెడు వదిలాను. నీళ్లకుండ దగ్గర ఐదు. మెట్టు దగ్గర తోక మాదిరి ఒక గుత్తి. అన్నీ మొదలంటా కత్తిరించారు. ముడుల మీద కూడా ఇస్త్రీ పెట్టారు. కంబళి ముక్కలు అణిగిపోయి అట్ట మాదిరి ఉన్నాయి. గంజి వాసన. చింతగింజలు, కడియాలు మిగిలాయి. అవి అందం కోసం మిగిల్చినట్టున్నారు.

దారి చెప్పేవి ముడులు. గింజలు కావు.

నాకు అరవై ఆరేండ్లు. ఇంత కోపం నాకు ఎప్పుడూ రాలేదు. ఆ కోటుపెద్దమనిషి కంటికి కళగా కనిపించడానికి దాన్ని పనికిరాకుండా చేశారు. ఆదిలక్ష్మమ్మ గారికి ఇప్పుడే రాస్తున్నాను. కత్తెర పట్టిన చేయి ఎవరిదో చెప్పేదాకా వదలను.

నబీసాబ్


పెనుకొండ
9 ఏప్రిల్ 1979

ధర్మవరం చేనేత కార్మికులు కదిరప్ప గారికి,

సంఘం నుంచి జవాబు వచ్చింది. బట్ట తమకు చేరిన దినమే తీసిన ఫోటో జాబులో పెట్టారు. ఫోటోలో పోగులు లేవు. ధర్మవరం నుంచి తమకు అట్లే వచ్చిందని, తాము సూది కూడా గుచ్చలేదని రాశారు.

పెనుకొండ నుంచి హిందూపురం పోయే బట్ట ధర్మవరంలో పదకొండు దినాలు ఉంది.

కత్తెర ఎవరిదండీ?

నబీసాబ్


ధర్మవరం
16 ఏప్రిల్ 1979

నబీ బావకు,

నన్ను గారు అన్నావు. చెంప మీద కొట్టి ఉంటే బాగుండేది.

కత్తెర మా ఇంటిదే.

జరిగింది జరిగినట్టు రాస్తాను. బట్టను తెచ్చి వసారాలో పరిచినాము. నీలావతి చూసి "ఏమిది, ఎనక్కి తిప్పి పరిచినారా?" అంది. నీకు చీర నేయడం తెలియదు కాబట్టి చెప్తాను. చీర మీద బుటా వేస్తే వెనకవైపు పోగులు వేలాడతాయి. అవి కత్తిరించకుండా చీరను ఇంటి గడప దాటించము. దాటిస్తే నలుగురూ నవ్వుతారు, సోమరి చేయి అంటారు. మా ఇంట్లో ఆ పని నీలావతిది. నలభై ఏండ్లుగా అదే పని. ముడి కనిపించినా, పోగు వేలాడినా ఆమె చేయి ఆగదు. నా కన్నూ ఆగదు.

నీ బట్టకు ఆ ముడులు, ఆ కొసలు చూస్తే మాకు ఏమనిపించింది? పాపం బావకు వయసైంది, కొసలు కత్తిరించే ఓపిక లేకపోయింది అనిపించింది. గింజలు, కడియాలు, కంబళి ముక్కలు, ఇవే ఆనవాళ్లని అనుకున్నాము. వాటి జోలికి పోలేదు. నీలావతీ నేనూ చెరొక పక్క కూర్చొని నాలుగు దినాలు కత్తిరించినాము. "సాబన్న పని నలుగురిలో సన్నగా కనిపించాల" అని ఆమె గంజి కాచి, ఇస్త్రీ పెట్టింది. పెండ్లికూతురి చీరకు చేసినట్టు చేసినాము బావా. ఎంత మురిసిపోయినామో.

నీ ఫిబ్రవరి జాబు వచ్చినప్పుడు కూడా నాకు పూర్తిగా తెలియదు. కానీ అంతకు ముందు జాబులో 'చేత్తో చూసే బట్ట' అన్నావు కదా, ఆ మాట అప్పుడు గుచ్చుకుంది. ఏదో తప్పు చేసినామని నీలావతి ఆ దినమే అంది. నేను ఆమె నోరు మూయించి, నీతో కలిసి సంఘం వాళ్లను తిట్టినాను. తిట్టేకొద్దీ నిజంగానే వాళ్లదే తప్పు అనిపించింది. బట్ట నీ చేతికి పోకపోతే ఎవరికీ తెలియదనుకున్నాను. అందుకే బెంగళూరికి పోనియ్యమన్నాను. అది రాసిన చేయి కాలిపోనీ. కానీ కాలింది నాది కాదు.

చెల్లెలి చేయి సంగతి చదివి నీలావతి కత్తెర తీసి పెట్టెలో పెట్టింది. మగ్గం మీద ఉన్న చీరకు ఇంకా పోగులు కత్తిరించలేదు.

ఒక మాట మాత్రం అడుగుతాను, కోపమొచ్చినా సరే. ముడులే దారి అని ఒక్క ముక్క రాయలేకపోయావా? ఆనవాళ్లు పెట్టానని రాసి ఊరుకున్నావు. ఏవి ఆనవాళ్లో రాయలేదు. చిన్నప్పుడు మనం కలిసి చదివిన బడిలో కూడా ఇంతే. అయ్యవారు అడిగితే జవాబు తెలిసీ నిలబడి తన్నులు తినేవాడివి. నీ నోట మాట రాబట్టేదానికంటే బండ నుంచి నీళ్లు పిండడం సులువు. నాది తప్పే, కాదనను. కానీ నాకు ఎట్ల తెలుస్తుంది బావా? నేను బట్టను కంటితో చూసేవాణ్ని. నాకు అదే నేర్పినారు.

శాలువా, పత్రం ఏమి చేయమంటావు?

కదిరప్ప


పెనుకొండ
2 మే 1979

కదిరప్పకు,

శాలువా, పత్రం హిందూపురానికి తిప్పి పంపు. అవి ఇస్త్రీ పెట్టిన బట్టకు ఇచ్చినవి. నేను కుట్టిన దానికి కాదు.

నీ జాబు ఖాదర్‌బీకి చదివి వినిపించాను. కొన్ని మాటలు దాటేద్దామనుకున్నాను కానీ ఆమె కనిపెడుతుంది. నేను బడిలో తన్నులు తిన్న చోట నవ్వింది. నీలావతి గంజి కాచిన చోట నవ్వలేదు. అంతా విని, చెంబెడు నీళ్లు తాగి, మన ఇద్దరి మీద లేచింది. ఆమె చెప్పింది చెప్పినట్టు రాయమంది.

"ఆరు నెలల నుంచి నా గోడ మీద మీరిద్దరూ జాబులు రాసుకుంటాండారు. ఆయనెవరో కోటాయన పనికిరాదంట. మా అన్న పోగులు బాగలేవంట. నువ్వు కోపంతో అన్నం మానేసినావు. ఆ గోడ పట్టుకొని తిరిగేది ఎవరు? నన్ను ఎవరైనా అడిగినారా?"

"నేను అడిగినా కదా. ఒక్కో ముడీ నీ వేళ్ల కింద పెట్టి అడిగినా."

"తెలుస్తాందా అని అడిగినావు. సరిగ్గా ఉండాదా అని అడిగినావా?"

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. పొయ్యి ముడులు నేను నా అడుగు కొలిచి వేశానంట. ఆమె అడుగు చిన్నది. ముడులు తగిలినాక కూడా పొయ్యి ఇంకా జానెడు దూరంలో ఉండేదంట. మొదటి దినం సంగటి అడుగంటింది అందుకేనంట, గంటె అనుకున్న చోట అందక వెతుక్కుంటూ నిలబడిందంట. మెట్టు దగ్గర గుత్తి మరీ ఎత్తులో ఉండి, దాన్ని అందుకోవడానికి మునికాళ్ల మీద లేచేదంట.

"మరి ఇన్ని దినాలు చెప్పలేదేమి?" అని అరిచాను. నేను ఆమె మీద అరవడం పెళ్లైన తర్వాత ఇది రెండోసారి.

"ఏడు నెలలు కుట్టినావు. ఎట్ల చెప్పేది? ఇప్పుడు అన్నీ పోయినాయి కాబట్టి చెప్తాండా."

నాకు కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియలేదు. పెరట్లోకి పోయి కూర్చున్నాను. తిరిగి వచ్చేసరికి ఆమె బట్టను కిందికి లాగి, ఒళ్లో వేసుకొని, ఇస్త్రీ పెట్టిన కంబళి ముక్కలను గోళ్లతో పైకి గీరుతోంది. గొర్రెబొచ్చు మళ్లీ లేస్తోంది. "ఇది చావలేదులే" అంది.

ఈసారి ముడులు తనే వేస్తుందంట. ఎంత దూరానికి, ఎంత ఎత్తుకు, ఎన్ని అనేది తనే చెప్తుందంట. కుట్టేది నేను, పట్టుకునేది నువ్వు. నీలావతి కూడా రావాలంట. కత్తిరించిన చేయి ముడి వేయడం నేర్చుకోవాలంట. అమావాస్యకు మీ మగ్గాలు ఆపుతారు కదా, అప్పుడు ప్యాసింజరుకు రండి. కొత్త పట్టు వద్దు. అది జారుతుంది, వేలికి తెలియదు. పారేసేవే తెండి, లావు పోగులు ఏరి.

నా కోపం పోలేదు. స్టేషనుకు వస్తాను కానీ నీతో మాట్లాడను. ఒకటి రెండు దినాలు పట్టొచ్చు. దాన్ని పట్టించుకోవద్దు. మీ చెల్లెలు ఎట్లాగూ మాట్లాడుతుంది, మనకు సందు ఉండదు.

దబ్బనాలు ఇక్కడ ఉన్నాయి. కత్తెర మాత్రం తేవద్దు.

నబీసాబ్